కూలర్లో అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన తర్వాత మా మామయ్య కాపురం డాబా మీదికి మార్చాడు. కాపురం అని ఎందుకంటున్నానంటే, ఆయన దృష్టిలో అక్కడ ఆయన ఒంటరిగా లేడు. అత్తమ్మ కూడా ఉంది. పాత కూలర్లో ఉంది.

ఈ మాట స్టాఫ్‌రూమ్‌లో చెబితే అందరూ నా వైపు అదోలా చూశారు. అందుకని మొదటి నుంచీ చెబుతాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో జువాలజీ చెబుతాను. కప్ప గుండె, బొద్దింక నోటి భాగాలు కళ్లు మూసుకుని బోర్డు మీద వేయగలను. ఇంట్లో నిజం బొద్దింక కనిపిస్తే మాత్రం మా ఆవిడను పిలుస్తాను. ఆమె సైదాబాద్‌లో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతుంది, దేనికీ జంకదు. మాది గుంటూరు వైపు, వాళ్లది నల్లగొండ దగ్గర పల్లె. పెళ్లయ్యాక అల్మాస్‌గూడలో మామయ్య కట్టించిన ఇంట్లోనే పై వాటాలో దిగాం. కాలనీలో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు, 'ఇల్లరికం సారు' అంటారు. నాకది ఒళ్లు మంట. అయినా నా మంట ఎవరిక్కావాలి.

మామయ్య సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పటికీ నా స్కూటర్ వెనక కూర్చుంటే సిగ్నల్ దగ్గర ఆయన కుడికాలు దానంతటదే బ్రేకు నొక్కుతుంది. నన్ను 'సారూ' అని పిలుస్తాడు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో ఇన్నేళ్లలో నాకు అంతు చిక్కలేదు. అత్తమ్మ వేరే రకం మనిషి. ఆయన అరిచేవాడు, ఆమె వినేది, చివరికి ఆమె అనుకున్నదే జరిగేది. కూలర్ కూడా ఇంట్లోకి అలాగే వచ్చింది. ఫ్యాను ఉండగా కూలర్ దేనికని ఆయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎండాకాలం నాటికి కూలర్ వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత మేం ఏసీ పెట్టించుకున్నాక అది డాబా మీదికి చేరింది గానీ, పాత సామాన్లవాడికి ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె గుండెలో నొప్పి అంది. దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు ఏదో ఇంజెక్షన్ తెమ్మంటే మామయ్య కింద మెడికల్ షాపుకు వెళ్లాడు. కవరు పట్టుకుని పైకి వచ్చేసరికి ఆమె లేదు.

"నేను ఆడ లేకపాయె," అన్నాడు.

ఆ ఒక్క మాట అన్నాక ఆయన నోరు మూతబడింది. ఇంటి కప్పు అదిరేలా అరిచే మనిషి, వీధిలో హారన్ కొట్టినవాడినల్లా తిట్టే మనిషి, టీవీ ముందు కూర్చుని టీవీ ఆపేసి ఉందన్న సంగతి కూడా చూసుకునేవాడు కాదు. మా ఆవిడ కంచంలో అన్నం కలిపి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. నాకు ఆయన అరుపులంటే చిరాకు. కానీ ఆ నిశ్శబ్దం ఇంకా భయంకరంగా ఉండేది.

దినాల రోజు డాబా మీద పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడటం. కాకి ముడితే పోయిన మనిషి తృప్తి పడినట్టు. విస్తట్లో కోడికూర, గారెలు, బెల్లం పరమాన్నం, పక్కన గ్లాసు నిండా ఆమెకు ఇష్టమైన ఆరెంజ్ కూల్‌డ్రింక్ పెట్టారు. కాకి రాలేదు. మా కాలనీలో కాకులెక్కడివి, అన్నీ పావురాలే. పావురాలు గుంపుగా వచ్చి అన్నం మెతుకులు పొడిచిపోయాయి. పావురం ముడితే చెల్లదని చుట్టాల్లో పెద్దమనుషులు తేల్చేశారు.

కాకి రాకపోతే పోయినవాళ్లకు మనసులో ఏదో కొరత ఉన్నట్టు లెక్క. అందుకని అందరూ వరసగా మాటిచ్చారు. మా ఆవిడ, "అమ్మా, నాయినను మంచిగ చూస్కుంట" అంది. ఒక బాబాయి తాగుడు మానేస్తానన్నాడు, సాయంత్రానికే మళ్లీ మొదలుపెట్టాడు. నన్ను కూడా ముందుకు తోశారు. ఏం చెప్పాలో తోచక, "అత్తమ్మా, సిలబస్ టైముకు పూర్తి చేస్తాను" అన్నాను. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. మామయ్య మాత్రం ముందుకు రాలేదు, పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చివరికి ఒక తేనెటీగ వచ్చింది. పరమాన్నం మీద వాలింది. దాని వెనక ఇంకొకటి, తర్వాత ఒక చిన్న గుంపు, కూల్‌డ్రింక్ గ్లాసు అంచు చుట్టూ. చుట్టాలు ఆకలి మీద ఉన్నారు, కాబట్టి తేనెటీగ చెల్లుతుందని వెంటనే ఒప్పేసుకున్నారు. కొన్ని రోజులకు తేనెటీగల పట్టు ఒకటి ఎక్కడి నుంచో వచ్చి డాబా మీది పాత కూలర్లో దిగింది.

మామయ్య వెళ్లి కూలర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఆమె కూలర్లనే దిగింది సూడు," అన్నాడు. అన్ని రోజుల తర్వాత అదే ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి వాక్యం.

నేను జంతుశాస్త్రం చదువుకున్నవాణ్ని. ఇవి మన నాటు తేనెటీగలనీ, చీకటిగా గుల్లగా ఉన్న చోటు ఏది దొరికినా దూరతాయనీ, కూలర్ కాకపోతే కరెంటు మీటరు డబ్బాలో పెట్టేవనీ చెప్పబోయాను. మా ఆవిడ నా కాలు తొక్కింది. తర్వాత వంటింట్లోకి లాక్కెళ్లి, "మా నాయిన మాట్లాడుతుండు గదా. నీకు గది చాలదా?" అంది. చాలు. నిజంగానే చాలు.

అప్పటి నుంచి పొద్దున టీ డాబా మీదే. కూలర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఊరి సంగతులన్నీ దానికి చెప్పేవాడు. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఎవరు ఇంటి మీద ఇంకో అంతస్తు లేపుతున్నారు, ఎల్బీనగర్ చౌరస్తాలో ఎవడు అడ్డంగా బండి పెట్టాడు. నా గురించి కూడా చెప్పేవాడు. "సారు మల్ల బరువు పెరిగిండు" అని ఒకరోజు నా చెవినే పడింది. ఈగలు వాటి పని అవి చేసుకునేవి. అత్తమ్మ కూడా ఆయన మాటలు అలాగే వినేది కాబట్టి ఆయనకు తేడా తెలియలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆయన పై నుంచి కేకేశాడు. టీ కప్పులో పురుగు పడిందట. వెళ్లి చూస్తే సన్నగా, బూడిద రంగులో, మెత్తగా ఒక గొంగళిపురుగు లాంటిది టీలో తేలుతోంది. కూలర్ పక్క చువ్వల్లోంచి ఇంకొకటి దారం పట్టుకుని వేలాడుతోంది. నేను రెండడుగులు వెనక్కి వేసి, టార్చి ఆయన చేతే వేయించి లోపలికి చూశాను. చివర ఉన్న తేనెపట్టు పలకల నిండా సాలెగూడు లాంటి తెల్లటి వల. అడుగున నల్లటి పొట్టు.

"మైనపు పురుగు మామయ్యా," అన్నాను. రెక్కల పురుగు ఒకటి లోపల దూరి గుడ్లు పెడుతుందనీ, పిల్లలు పుట్టి మైనం తొలుచుకుంటూ తింటాయనీ, వెనకాల ఆ వల అల్లుకుంటూ పోతాయనీ చెప్పాను. "ముదిరితే ఈగలు పోట్లాడవు. గూడు వదిలేసి వెళ్లిపోతాయి."

ఆయన ముఖం మారిపోయింది. "ఎన్నడు పోతయి?"

"చెప్పలేం. ఏదో ఒకరోజు ఉన్నట్టుండి లేచి పోతాయి."

"చెప్పకుంటనా?"

ఈగలు చెప్పి వెళ్లవని నేను అనలేకపోయాను. అప్పుడు నాకు అర్థమైంది. ఈగలు పోవడం కాదు ఆయన భయం. ఆయన కిందికి దిగినప్పుడు పోతాయేమోనని భయం. ఒకసారి మెట్లు దిగి వచ్చేసరికి అయిపోయిన పని ఆయనకు గుర్తుంది.

ఆ రోజు నుంచి ఆయన డాబా దిగడం మానేశాడు. కూలర్ మీద ఒక టార్పాలిన్ కట్టాడు, దాని కింద కుర్చీ, కుర్చీలో ఆయన. భోజనం పైకే. ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో తమ్ముడి కొడుకు పెళ్లికి రమ్మంటే, "మీరు పోయిరాండ్రి, నాకు ఈడ పనుంది" అన్నాడు. బాత్రూముకు వెళ్లాలంటే నన్ను పిలిచేవాడు. "సారూ, జర సూస్కో, ఇప్పుడే ఒస్త." నేను జవాబు పత్రాలు దిద్దుకుంటూ కూలర్ ముందు కాపలా కూర్చునేవాణ్ని. నేను ఎమ్మెస్సీ చేసింది ఇందుకా అని పళ్లు నూరుకునేవాణ్ని. అయితే కన్ను మాత్రం కూలర్ మీద నుంచి తిప్పేవాణ్ని కాదు. నా కాపలాలో ఈగలు పోతే నా గతి ఏమిటి?

నేను క్లాసుకు వెళ్లిన ఒకరోజు ఆయన సొంత వైద్యం చేశాడు. అత్తమ్మ ఉన్నన్నాళ్లు బియ్యం డ్రమ్ములో పురుగు పట్టేది కాదు, వేపాకు ఎండబెట్టి వేసేది. కాబట్టి మైనానికైనా అదే మందని తేల్చుకుని, ఎదురింటావిడ చేత వాళ్ల చెట్టు కొమ్మలు కోయించి, కూలర్లో పట్టినంత వేపాకు కుక్కాడు. నేను వచ్చేసరికి ఈగలన్నీ పనులు మానుకుని ఒక్కో ఆకూ బయటికి ఈడ్చి పారేస్తున్నాయి. మెడ మీద కుట్టించుకున్న ఎదురింటావిడ సున్నం రాసుకుని గేటు దగ్గర నిలబడి మా వంశాన్ని తిడుతోంది. మైనపు పురుగులు మాత్రం ఆకు కింద చల్లగా ఉందని ఇంకా బలిశాయి.

నాకు కోపం వచ్చేసింది. చాక్‌పీసు తీసుకుని నీళ్ల ట్యాంకు మీద జీవితచక్రం మొత్తం బొమ్మ గీశాను. గుడ్డు, పిల్ల, గూడు కట్టుకున్న దశ, రెక్కల పురుగు. బాణం గుర్తులు కూడా వేశాను. నా పాఠాల్లో అంత బాగా కుదిరిన పాఠం ఇంకోటి లేదు. మామయ్య చివరిదాకా విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ సారూ. మరి ఎట్ల తీస్తవ్?"

మా సిలబస్ అక్కడితో అయిపోతుంది.

తర్వాత ఫోన్లో వీడియోలు చూసి, తేనెటీగలు పెంచేవాళ్లను అడిగి, పద్ధతి తెలుసుకున్నాను. కూలర్ వెనక తలుపు ఊడదీయాలి. పాడైన పలకలు కోసేయాలి, అడుగున పొట్టంతా ఊడ్చేయాలి. రెక్కల పురుగు దూరకుండా చువ్వల సందులన్నీ మూసి ఒక్క దారి ఉంచాలి. ఈగలకు బలం రావడానికి పంచదార నీళ్లు పెట్టాలి. ఇవన్నీ చేసే ముందు కాస్త పొగ వేస్తే ఈగలు మెత్తబడతాయి. ఆదివారం పొద్దున నేను సాంబ్రాణి వేసే మట్టిపాత్రలో కొబ్బరి పీచు వెలిగించి పైకి తీసుకెళ్లాను.

మామయ్య కుర్చీలోంచి లేచి నాకు అడ్డం నిలబడ్డాడు. "ఏందది?"

"పొగ మామయ్యా. ఏం కాదు, వాటికి హాని లేదు."

"పొగ పెడ్తవా ఆమెకు?" గొంతు ఒక్కసారిగా పాత మామయ్య గొంతయింది. "లగ్గమై ఒచ్చిన కాంచి కట్టెల పొయ్యి కాడ్నే కూసున్నది. పచ్చి కట్టెలు. దగ్గుకుంట, కండ్లు నులుముకుంట నాకు టిఫిన్ కట్టిచ్చింది. గ్యాసు ఒచ్చేసరికి సగం పానం పొగలనే పోయింది. ఇప్పుడు గూడ పొగేనా? తియ్ దాన్ని ఈడ్నుంచి."

నేను పొగ శాస్త్రం చెప్పబోయాను. ఆయన మట్టిపాత్ర లాక్కుని బకెట్లోని నీళ్లు అందులో పోసేశాడు. పొగంతా ఒక్కసారి నా ముఖానికి కొట్టి నేనే దగ్గాను. పొగ లేకుండా తేనెపట్టు విప్పడమంటే హెల్మెట్ లేకుండా రింగ్‌రోడ్డెక్కడమే అని అరిచాను. ఆయనా అరిచాడు. కాలనీలో సగం మంది డాబాలెక్కి చూశారు. అసలు మేమిద్దరం అలా గొడవపడి చాలా కాలమైంది. చెప్పొద్దూ, నాకు లోపల్లోపల కాస్త హాయిగా కూడా అనిపించింది.

మా ఆవిడ వచ్చి ఇద్దరినీ చెరో మూలకు పంపింది. "పొగ వేస్తే ఏమైతది?" అని నన్నడిగింది. ఈగలు కదలకుండా ఒదిగి కూర్చుంటాయన్నాను. "వాన పడితే?" అంది. వాన పడినా ఒదిగే కూర్చుంటాయి. ఆమె కిందికి వెళ్లి పార్లర్లో జుట్టు తడిపే స్ప్రే సీసా తెచ్చింది. అందులో నీళ్లు, ఒక చెంచా పంచదార. "నాయినా, గిది పొగ కాదు. సన్న జల్లు. సరేనా?"

ఆయన ఆ సీసా తీసుకుని ముందు తన ముఖం మీద కొట్టుకుని చూశాడు. "సల్లగున్నది," అన్నాడు. అనుమతి దొరికింది.

నేను రెయిన్‌కోటు వేసుకున్నాను. తలకు మంకీ టోపీ, దాని మీద పార్లర్ ప్లాస్టిక్ టోపీ, దాని మీద కిటికీకున్న దోమతెర. చేతులకు హెయిర్ డై వేసే గ్లౌజులు. మా ఆవిడ కూడా దాదాపు అలాగే ముస్తాబైంది. మామయ్య మాత్రం లుంగీ, బనియన్. తెర కప్పుకోమంటే వినలేదు.

"ముఖం దాసుకొని పోతే ఎవలో అనుకుంటది."

మా ఆవిడ ఆయన చేతిలోని స్ప్రే సీసా అందుకుంది.

వెనక తలుపు తీశాం. లోపల నుంచి ఒక హోరు. మా ఆవిడ జల్లు కొడుతూ ఉంటే ఈగలు ఒక పక్కకు గుంపుగా జరిగాయి. కోసే పని నాది అనుకున్నాం. నేను మొదటి పలక పట్టుకోగానే అందులోంచి పురుగులు బిలబిలమంటూ నా గ్లౌజు మీద పడ్డాయి. అప్పుడు నేను పెట్టిన కేక గురించి కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటా ఎందరో పిల్లల్ని మెడిసిన్‌కు పంపే మనిషి కేకలా అది లేదట. కత్తి మామయ్య తీసుకున్నాడు.

ఆయన ఒక్కో పలకనూ తడిమి, ఆమెకు చెబుతూ కోశాడు. "గిది పాడైంది, తీస్తున్న. గిది సగమే, సగం ఉంచుతున్న. ఇగో, గిది మంచిగుంది, దీన్ని ముట్ట. పరేషాన్ గాకు, అయిపాయె." పురుగు పట్టిన ముక్కల్ని సబ్బునీళ్ల బకెట్లో వేశాడు. అడుగున పొట్టంతా చేత్తో ఎత్తి, తడిగుడ్డతో తుడిచాడు. ఆమె బతికుండగా ఆయన ఆ ఇంట్లో ఒక్కనాడు చీపురు పట్టగా నేను చూడలేదు.

పని చివరికొచ్చాక ఒక ఈగ వచ్చి ఆయన పెదవి మీద కుట్టింది. వెంటనే ఇంకొకటి కనురెప్ప మీద.

మా ఆవిడ స్ప్రే ఆపేసింది. నాకు భయం వేసింది. నొప్పికి కాదు, ఆయన మనసు ఏమవుతుందోనని. ఆయన కదలకుండా కూర్చున్నాడు. పెదవి మా కళ్ల ముందే ఉబ్బుతోంది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. ఉబ్బిన పెదవితో, ఒక కన్ను మూసుకుపోయి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"కాపురం చేసినన్ని ఏండ్లు ఒక్క మాట ఎదురు చెప్పలే సారూ. నేనే ఒర్రినా, నేనే తిట్టినా. ఇయ్యాల చెప్పింది. రెండు మాటలు చెప్పింది!"

నవ్వుతూనే ఏడ్చాడు. మా ఆవిడ దోమతెరలోంచే ఏడ్చింది. నేను ఏడవబోతుండగా రెయిన్‌కోటు కాలర్లోంచి దూరిన ఈగ ఒకటి నా చెవి మీద కుట్టింది. "నీ మీద గూడ మనసుల ఏదో ఉన్నట్టుంది," అన్నాడు మామయ్య ఎంతో సానుభూతిగా. సోమవారం క్లాసులో పిల్లలు పాఠం వినలేదు, నా చెవిని చూస్తూ కూర్చున్నారు.

మిగతా పని నేను చేశాను. చువ్వల సందులన్నీ టేపుతో మూసి, ఒక్క దారి ఉంచి, అక్కడ ఆన్‌లైన్లో తెప్పించిన రాణి గేటు బిగించాను. చిన్న రంధ్రాల రేకు అది. మామూలు ఈగలు వాటిలోంచి వస్తూ పోతూ ఉంటాయి, రాణి పెద్దది కాబట్టి దూరలేదు. రాణి కదలకుండా మిగతావి గూడు వదిలిపోవు. అదంతా వివరించి, "ఇంక ఎక్కడికీ పోవు మామయ్యా. హాయిగా కిందికొచ్చి భోంచేయండి," అన్నాను. నా జీవితంలో మొదటిసారి నేను చదివిన చదువు ఆ ఇంటికి పనికొచ్చిందని ఛాతీ విరుచుకున్నాను.

ఆయన కిందికి వచ్చాడు. అందరితో కలిసి తిన్నాడు. కానీ మాటలు మళ్లీ తగ్గిపోయాయి. ఒక సాయంత్రం నన్ను పిలిచి, "సారూ, గా రాణికి పోవాల్నని ఉంటే?" అని అడిగాడు.

"పోలేదు. గేటుంది కదా."

"ఉండాల్నని లేకున్నా ఉంటదన్నట్టు."

"అంతే మరి."

మర్నాడు నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఆయన గేటు ఊడదీసి పిట్టగోడ మీద పెట్టి, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పురుగులు నా చేతుల మీద పాకిందీ, చెవి వాచిందీ, ఇదంతా ఎవరి కోసమని అరిచాను. వానాకాలం, చుట్టుపక్కల పూలు లేవు, గూడు సగం పోయింది, ఇప్పుడు గేటు తీస్తే ఒక్కటి మిగలదని అరిచాను. ఆయన తిరిగి అరవలేదు.

"నేను బస్సు నడిపినోన్ని సారూ. స్టాపు ఒచ్చినంక దిగెటోల్లను దిగనియ్యాలె. డోర్ మూసుకొని తీస్కపోతే గది బస్సెట్లయితది?" కూలర్ వైపు చూస్తూ అన్నాడు. "పోతే పోనియ్యి. నేను ఈడ్నే ఉంట. గంతే."

మళ్లీ డాబా మీద కాపలా మొదలైంది. భోజనం పైకే, టీ పైకే. నేను కొన్ని రోజులు ముఖం మాడ్చుకుని తిరిగి, తర్వాత ఆయన బాత్రూముకు వెళ్లినప్పుడల్లా పిలవకుండానే వెళ్లి కూలర్ ముందు నిలబడటం మొదలుపెట్టాను.

వాన తెరిపిచ్చి ఎండ కాసిన ఒక పొద్దున, నేను క్లాసుకు చొక్కా వేసుకుంటున్నాను. పై నుంచి కేక.

"రాండ్రి! జల్ది రాండ్రి! పోతుంది!"

ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి బయట, అలాగే పరిగెత్తాను. మా ఆవిడ పప్పు గరిటెతో వచ్చింది. కూలర్ దారిలోంచి ఈగలు నీళ్లు పొంగినట్టు బయటికి వస్తున్నాయి. డాబా మీద గాలంతా ఈగలే. తిరుగుతూ తిరుగుతూ పైకి లేస్తున్నాయి. మేం ముగ్గురం ఆ హోరు మధ్య నిలబడ్డాం. ఒక్కటి కూడా మమ్మల్ని ముట్టుకోలేదు.

ఎదురింటావిడ వాళ్ల డాబా ఎక్కి స్టీలు కంచం మీద గంటెతో దబదబ బాదసాగింది. చప్పుడు చేస్తే పట్టు దగ్గర్లోనే దిగుతుందని మా వైపు పల్లెల్లో కూడా అలాగే చేస్తారు. "అన్నా, మీరు గూడ కొట్టుండ్రి! దిగుతయి!" అని అరుస్తోంది. నేను గరిటె అందుకోబోయాను.

మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. అటు తిరిగి చేతులూపాడు. "కొట్టకు చెల్లె! పోయెటామెను పోనియ్యి!"

కంచం ఆగింది. ఆయన భుజం మీది తువ్వాలు సరిచేసుకున్నాడు, ఎల్బీనగర్‌లో ఊరి బస్సు ఎక్కించడానికి వచ్చిన మనిషిలా నిటారుగా నిలబడ్డాడు. పైకి చూస్తూ, మామూలు గొంతుతో, పక్కనున్న మనిషికి చెప్పినట్టు చెప్పాడు.

"పైలంగ పో. ఇంటి ఫికర్ చెయ్యకు. బిడ్డ మంచిగున్నది. అల్లుడు గూడ మంచోడే, జర నోరెక్కువ. నేను తింటున్న, పంటున్న. పైలం."

ఈగల గుంపు ఒకసారి మా నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి, ఇళ్ల మీదుగా ఎల్బీనగర్ వైపు సాగింది. కాసేపు మబ్బులా కనిపించింది, తర్వాత మరకలా, తర్వాత ఏమీ లేదు. మా ఆవిడ నా సగం వేసుకున్న చొక్కాలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఈగలు ఎందుకు పోయాయో నాకు తెలుసు, కారణాలన్నీ వరసగా బోర్డు మీద రాయగలను. ఒక్కటి కూడా నోటికి రాలేదు.

మామయ్య ఇంకాసేపు అటే చూసి, కుర్చీ మడిచి గోడకు ఆనించి, మెట్లు దిగాడు. చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చుని, "ఆకలైతుంది, పెట్టు బిడ్డా," అన్నాడు. మా ఆవిడ వేడన్నంలో పప్పు వేసింది. ఆయన నాలుగు ముద్దలు తిని, తలెత్తి నా వైపు చూశాడు.

"ఈసారి నేను ఆడ్నే ఉన్న సారూ," అన్నాడు.

"ఉన్నారు మామయ్యా," అన్నాను.